పట్టమును పనిముట్టును

పరీక్షలో మొదటి తరగతి పొందిన యువకుడు కర్మాగారములో లేతుయంత్రము ముందు నిలిచి, దేనిని త్రిప్పవలెనో తెలియక తికమకపడుట మన దేశమున క్రొత్త మాట కాదు. మరియొక వంక, ఆ యంత్రమును అలవోకగా నడపగల పనివాడు పట్టము లేదను కారణమున జీవితాంతము క్రింది మెట్టుననే నిలిచిపోవుచున్నాడు. చదువు ఒక యింట, పని వేరొక యింట కాపురముండుటచే కలిగిన నష్టమిది. ఈ రెంటిని ఒక కప్పు క్రిందికి తెచ్చుటకే పెద్ద కంపెనీలలో అప్రెంటిసు పద్ధతి యేర్పడినది. మా బందరు తీరమున ఈ ప్రయత్నమునకు పాత చరిత్ర కలదు. దానిని సంగ్రహముగా ముచ్చటింతుము.

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు 1611లో మచిలీపట్టణమున వర్తకశాల నెలకొల్పిరి. ఆ శతాబ్దపు కంపెనీ కొలువులో అప్రెంటిసు, రైటరు, ఫ్యాక్టరు, మర్చంటు అను మెట్లుండెడివి. రైటరుకు సంవత్సరమునకు 10 పౌనుల జీతము. సరకు లెక్కించుచు, చిట్టాలు వ్రాయుచు, పని చేయుటయందే పని నేర్చి పై మెట్టునకు పోవుట వారి విధానము. కాని ఆ నిచ్చెన సీమనుండి వచ్చిన కుఱ్ఱలకే. మనవారికి దుబాసీతనము, దళారీతనము వంటి పనులే దక్కినవి.

ఆ గిడ్డంగులకు అద్దకపు బట్టలు సమకూర్చినవారికి వేరొక పాఠశాల యుండెను. అది వారి ఇల్లే. బట్టను కరక్కాయ నీటిలో ముంచుట, బెల్లమును తుప్పుపట్టిన ఇనుమును ఊరబెట్టి నల్లరంగు తీయుట, పటికతో ఎఱ్ఱరంగును నిలుపుట — ఇవి తండ్రి చేతి వెంట కొడుకు నేర్చిన విద్యలు. పెడనలో ఈ కలంకారీ విద్య నేటికిని బ్రతికియున్నది. ఇందు నైపుణ్యము మెండు, పట్టము లేదు. రాబర్టు నోబిల్ 1843లో బందరున స్థాపించిన పాఠశాల పెరిగి నోబిల్ కళాశాల యైనది. అచ్చట ఇంగ్లీషు చదువు లభించెను, పనిముట్టు లేదు.

ఈ ఎడబాటును గుర్తించినవారు కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగారలు. 1907లో బిపిన్ చంద్రపాలుగారు ఆంధ్రదేశమున పర్యటించి బందరునకు విచ్చేసిరి. ఆ స్వదేశీ ఉత్సాహమునకు రూపముగా 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసెను. న్యాయశాస్త్ర పట్టము గల హనుమంతరావుగారు కచేరి మెట్లెక్కక, 1922లో మరణించువరకు ఆ కళాశాలకే అంకితులైరి. అచ్చట పుస్తకము చదువుటతో పాటు నేత, వడ్రంగము వంటి చేతిపనులు నేర్పిరి. ప్రమోదకుమార చటోపాధ్యాయగారు చిత్రలేఖనము బోధించిరి. వారి శిష్యులైన అడివి బాపిరాజుగారు తరువాత ఆ కళాశాలకు అధ్యక్షులైరి.

ఇంచుమించు అదే కాలమున, 1906లో, అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయమున హెర్మన్ ష్నైడర్ అను ఆచార్యుడు 27 మంది ఇంజనీరింగు విద్యార్థులతో ఒక ప్రయోగమారంభించెను. కొంతకాలము తరగతి, కొంతకాలము కర్మాగారము. చివరకు విశ్వవిద్యాలయ పట్టము. రెండు సంస్థల ఆలోచన ఒకటే. అయితే అచ్చట కర్మాగారములు విద్యార్థికి పని యిచ్చెను, విశ్వవిద్యాలయము పట్టమిచ్చెను. బందరు కళాశాల ప్రభుత్వ విద్యావిధానమునకు ఎదురుగా నిలిచినది గనుక, దాని వెనుక పెద్ద కర్మాగారమును లేదు, సర్కారు ఉద్యోగములకు చెల్లు పట్టమును లేదు. ఆశయము లోపించలేదు, ఆశ్రయము లోపించినది.

ఆ లోటులో ఒక సగము బందరుననే తీరినది. 1926లో ఇచ్చట ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ స్థాపితమై విజ్ఞానశాస్త్ర పరికరములను తయారుచేయసాగెను. 1983లో దానిని రక్షణశాఖ క్రింది భారత్ ఎలక్ట్రానిక్సు సంస్థ స్వీకరించెను. రాత్రివేళ చూచుటకుపయోగించు దృక్సాధనములు నేడు ఇచ్చట తయారగుచున్నవి. పామర్రు దగ్గరి నిమ్మలూరున ఆ సంస్థ నిర్మించిన క్రొత్త కర్మాగారము 2025లో జాతికి అంకితమైనది.

రెండవ సగమును చట్టము పూరింపజూచెను. 1961 అప్రెంటిసుల చట్టము మొదట చేతివృత్తుల శిక్షణకే పరిమితమై, 1973 సవరణతో ఇంజనీరింగు పట్టభద్రులకును డిప్లొమా పొందినవారికిని వర్తించెను. పట్టభద్రునికి శిక్షణకాలము సాధారణముగా ఒక సంవత్సరము. 2019 నిబంధనలు వీరికి నెలకు కనీసము 9,000 రూపాయల భృతి నిర్ణయించినవి. చట్టము దృష్టిలో అప్రెంటిసు శిక్షణార్థియే గాని కార్మికుడు కాడు. శిక్షణ ముగిసిన పిదప ఉద్యోగమీయవలెనను నిర్బంధము యజమానికి లేదు.

ఇచ్చటనే మేము విన్నవింపదలచిన విషయమున్నది. బ్రిటనులో 2015లో ఆరంభమైన పట్టపు అప్రెంటిసు పద్ధతిలో విద్యార్థి మొదటి దినమునుండి కంపెనీ ఉద్యోగియే. అతడు జీతము పుచ్చుకొనుచు పట్టము సంపాదించును. చదువు రుసుము అతనిపై పడదు. మన పద్ధతిలో పని చదువు ముగిసిన పిదప వచ్చును. 2020లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము పట్టపు చదువులోనే అప్రెంటిసు శిక్షణను చేర్చుటకు మార్గదర్శకములు వెలువరించెను. అది సరియైన దారియే. కాని దానిని ఆచరణలో కొలువవలసినది కాగితముపై కాదు, నాగాయలంక, కోడూరు వంటి దివిసీమ గ్రామములనుండి బయలుదేరు పిల్లవాని లెక్కలో. ఊరు విడిచి, గది అద్దెకు తీసికొని, భోజనమునకు వెచ్చించిన పిదప భృతిలో మిగులునదెంత? గుడివాడలో ఇల్లున్నవానికి, గుడ్లవల్లేరు ఇంజనీరింగు కళాశాలకు రోజూ పోయి రాగలవానికి ఈ చిక్కు తక్కువ. దూరపు పల్లెవానికి, అందును ఆడపిల్లకు, ఈ లెక్కయే చదువునకు తలుపు తీయును, లేదా మూయును.

కనుక, తమ పిల్లలను పెద్ద కంపెనీకి అప్రెంటిసుగా పంపదలచిన తల్లిదండ్రులు కంపెనీ పేరు చూచి తృప్తిపడక, నాలుగు ప్రశ్నలు వేయుట మంచిది. పని నేర్పువారు ఎవరు? ఏ యంత్రముపై, ఎన్ని నెలలు? చివరకు లభించు పత్రము ఎచ్చట చెల్లును? భృతి ఊరి ఖర్చునకు చాలునా? ఈ నాల్గింటికి స్పష్టమైన సమాధానమున్నచోట శిక్షణయున్నది. లేనిచోట ఉన్నది చౌక కూలి మాత్రమే.

పెడన అద్దకపువానికి పట్టము లేకపోయెను. నోబిల్ కళాశాల పట్టభద్రునికి పనిముట్టు లేకపోయెను. జాతీయ కళాశాల విద్యార్థికి ఆశ్రయము లేకపోయెను. ఈ మూడును నేడు ఒకే ఊరి పరిసరములలో లభ్యమగుచున్నవి. వానిని ఒక్క పిల్లవాని చేతికి ఒక్కసారి అందించుట మిగిలియున్న పని.