జీతాల కింద పోయిన సర్కారులు

బొబ్బిలి యుద్ధాన్ని శౌర్యగాథగానే స్మరించడం పరిపాటి. ఉత్తర సర్కారులపై స్వాధికారం మాత్రం అంతకు నాలుగేళ్ల ముందే చేజారింది. 1753లో సలాబత్ జంగ్ ఫ్రెంచి సైన్యపు జీతభత్యాల నిమిత్తం ముస్తఫానగర్, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారులను ఫ్రెంచివారికి అప్పగించాడు. శిస్తు వసూలు చేసేవాడే క్రమంగా పాలకుడయ్యాడు. 1757 జనవరిలో విజయనగరం సంస్థానాధీశుడు విజయరామరాజు, పొరుగువారిపై పగతో, బుస్సీ సేననే బొబ్బిలి కోట మీదికి నడిపించాడు. కోట కూలింది, కొద్ది రోజులకే తాండ్ర పాపారాయుని చేతిలో ఆయనా హతుడయ్యాడు. వారసుడు ఆనంద గజపతి ఫ్రెంచివారిపై అసంతృప్తితో ఆంగ్లేయులను ఆహ్వానించాడు. 1758 డిసెంబరులో చందుర్తి వద్ద ఫోర్డ్ ఫ్రెంచివారిని ఓడించాడు. మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్నం ఆంగ్లేయుల వశమైంది. ఒక పరదేశిని తొలగించడానికి మరొక పరదేశిని పిలవడం ఆనాటి సంస్థానాధీశులకు రాజనీతిగానే తోచింది. 1794లో పద్మనాభం వద్ద కంపెనీ సేనతో జరిగిన పోరులో విజయనగరం ప్రభువు చిన విజయరామరాజు నేలకొరిగాడు.