మలయా యుద్ధరంగంలో రెండు హైదరాబాదు దళాలు (1941–42)

బోధన్ చెంత శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం ఇంకా తొలి దశలో ఉన్న రోజులలోనే హైదరాబాదు రాజ్య పదాతిదళం ఒకటి మలయాలో జపాను సైన్యాన్ని ఎదుర్కొన్నది. నిజామాబాదు జిల్లా చరిత్రను రెండవ ప్రపంచయుద్ధంతో అనుసంధానించదలచిన పరిశోధకునికి ఇక్కడ ఎదురయ్యే మొదటి చిక్కు పేరుది. మలయాలో ‘హైదరాబాదు’ పేరు గల దళాలు రెండున్నాయి.

వాటిలో ఒకటి బ్రిటిషు భారతసైన్యంలోని 19వ హైదరాబాదు రెజిమెంటుకు చెందిన 4వ పటాలం. నిజాం సొమ్ముతో బ్రిటిషు అధికారులు నడిపిన హైదరాబాదు కంటింజెంటు దీనికి మూలం. ఆ కంటింజెంటు ఖర్చుల బకాయి కిందనే 1853లో బేరారు నిజాం చేతి నుండి జారిపోయింది. యుద్ధకాలం నాటికి ఈ రెజిమెంటులో కుమావూనీలు, జాట్లు, అహీర్లే అధికులు. 1945 అక్టోబరులో అది కుమావూన్ రెజిమెంటుగా మారింది. అంటే దక్కనుతో దానికి మిగిలినది పేరు మాత్రమే.

రెండవది 1వ హైదరాబాదు పదాతిదళం. ఇది హైదరాబాదు రాజ్యం స్వయంగా పోషించిన సేన. 1941 డిసెంబరు 8న జపాను సైన్యం కోట బహరు తీరాన దిగినప్పుడు అక్కడి విమానాశ్రయ రక్షణభారం ఈ దళానిదే. ఆ సాయంత్రం శత్రువు సమీపించాడన్న వదంతి వ్యాపించగా వైమానిక సిబ్బంది ముందుగానే స్థావరాన్ని వదిలివెళ్లారు. రాత్రి గందరగోళంలో దళం చెదిరిపోయింది, సేనాధిపతి హెండ్రిక్స్ మరణించాడు. పారిపోతున్నవారిని ఆపబోయిన ఆయనను సొంత సైనికులే చంపారని పలు యుద్ధచరిత్రలు చెబుతాయి. అయితే కాపాడవలసిన విమానాలు, వాటి సిబ్బంది అప్పటికే వెళ్లిపోయిన సంగతిని పక్కనబెట్టి పదాతిదళం పిరికిదని తేల్చడం న్యాయం కాదు. తరువాత ఈ దళాన్ని పోరాట విధుల నుండి తప్పించారు.

4వ పటాలం కథ వేరు. 1942 జనవరి 7 తెల్లవారుజామున స్లిమ్ నది మార్గంలో జపాను ట్యాంకులు మొదట తాకినది దానినే. ట్యాంకులను నిలువరించే సాధనాలు చాలక ఆ పటాలం ఛిన్నాభిన్నమయింది.

స్థానిక చరిత్రకారునికి ఇక్కడ ఒక ప్రలోభం పొంచి ఉంటుంది: పేరు ఆధారంగా కుమావూన్ రెజిమెంటు కీర్తిని దక్కనుకు తెచ్చుకుని, కోట బహరు రాత్రిని మరచిపోవడం. తెలంగాణకు నిజంగా సంబంధించినది ఆ రాత్రే. జిల్లాలో ఎవరి సేవాపత్రంలోనైనా ‘హైదరాబాదు’ కనబడితే, అది రాజ్యసేనదా, 19వ రెజిమెంటుదా అన్నది ముందు తేలాలి. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయింది. బందీ శిబిరాలలో ఆ తేడాకు పెద్దగా విలువ లేకపోయింది.