గచ్చిబౌలిలో గీసిన మెదడు పటం

హైటెక్ సిటీలో సైబర్ టవర్స్‌ను 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. అదే ఏడాది గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ మొదలైంది. సాఫ్ట్‌వేర్‌కు పేరుపడ్డ ఈ ప్రాంతం నుంచే 2019లో భారతీయుల మెదడు పటం వెలువడిందన్న సంగతి నగరంలోనే చాలామందికి తెలియదు.

మెదడుకు పటం ఎందుకు? ఏ ఇద్దరి మెదడు ముడతలూ ఒకేలా ఉండవు. స్కాన్‌లో కనిపించే భాగం ఏదో, అది మామూలుగా ఉందో కుంచించుకుపోయిందో కంప్యూటర్ తేల్చాలంటే పోల్చుకోవడానికి ఒక నమూనా ఉండాలి. 1988లో తలైరాక్, టూర్నూ ప్రచురించిన పటానికి ఆధారం అరవై ఏళ్ల ఫ్రెంచి మహిళ మెదడు ఒక్కటే! ప్రపంచమంతా చాలాకాలం దాన్నే కొలబద్దగా వాడింది. తరువాత కెనడాలోని మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్ వందల ఎమ్మారై స్కాన్‌ల సగటుతో కొత్త నమూనా తయారుచేసింది. అదీ ప్రధానంగా శ్వేతజాతీయులదే. చైనా, కొరియా తమ పటాలు తాము గీసుకున్నాయి. మన మెదళ్లకు మాత్రం పరాయి కొలతలే దిక్కయ్యాయి.

ఇది పరిశోధకులకే పరిమితమైన బెంగ కాదు. ఉదాహరణకు, కణతల లోపలి వైపు, రెండు పక్కలా హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం ఉంటుంది. కొత్త జ్ఞాపకాలు నిలవడానికి అదే కీలకం. అల్జీమర్స్ తొలిదశలోనే అది చిక్కిపోతుంది. సహజంగానే కాస్త చిన్నగా ఉన్నదాన్ని మాంట్రియల్ నమూనాతో పోలిస్తే, ఆరోగ్యంగా ఉన్న మనిషికి లేని జబ్బు అంటగట్టే ప్రమాదం ఉంది.

అందుకే ట్రిపుల్ ఐటీలో ప్రొఫెసర్ జయంతి శివస్వామి బృందం తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ వైద్య సంస్థతో కలిసి పనికి దిగింది. ఆరోగ్యవంతులైన యాభైమంది యువకులు, యాభైమంది యువతుల మెదళ్లను స్కాన్ చేశారు. ఏ ఒక్క యంత్రం ప్రభావమూ పటం మీద పడకుండా మూడు ఆసుపత్రుల్లో, మూడు వేర్వేరు స్కానర్లు వాడారు. అలా తయారైన పటమే ఐబీఏ 100.

పాశ్చాత్యులతోనే కాదు, చైనా, కొరియా వాళ్లతో పోల్చినా సగటు భారతీయుడి మెదడు ఎత్తు, వెడల్పు, ఘనపరిమాణం తక్కువని తేలింది. హిప్పోక్యాంపస్‌లోనూ తేడా కనిపించింది. మొత్తమ్మీద మన పటం పాశ్చాత్యుల పటం కన్నా చైనా, కొరియా పటాలకే దగ్గరగా ఉంది. పరిమాణం తగ్గితే తెలివి తగ్గినట్టేనని ఎవరైనా కంగారుపడితే, ఐన్‌స్టీన్ మెదడు బరువు 1,230 గ్రాములేనని, సగటు మగవాడి మెదడు కన్నా తక్కువేనని గుర్తుచేయాలి.

అయితే ఈ వందమందీ యువతే. అల్జీమర్స్ ఎక్కువగా వచ్చేది ముసలితనంలో. ఆరోగ్యంగా ఉన్న అమ్మమ్మలు, తాతయ్యల మెదళ్లకూ ఇలాంటి పటాలు కావాలి. అలాంటి అధ్యయనానికి పిలుపు వస్తే, మన ఇళ్లలోని పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్దాం.