యాప్‌లో యాడ్‌ల చరిత్ర: తక్కెడ ఎవరి చేతిలో ఉంది?

సంతలో తూకం గురించి మన పెద్దోళ్లు చెప్పే కథలు అందరం విన్నవే. చింతపండు మనది, ఇప్పపువ్వు మనది, తక్కెడ మాత్రం షావుకారిది. దళారుల దోపిడీని ఆపడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. ఫోన్ యాప్‌లలో ప్రకటనల చరిత్ర చదువుతుంటే మనకు ఆ తక్కెడే గుర్తొస్తుంది.

2006లో ఒమర్ హమూయీ అమెరికాలో యాడ్‌మాబ్ మొదలుపెట్టాడు. అప్పటికి ఐఫోన్ కూడా రాలేదు. 2008లో యాపిల్, ఆండ్రాయిడ్ యాప్ దుకాణాలు తెరుచుకున్నాయి. 2009 నవంబరులో గూగుల్ 75 కోట్ల డాలర్లకు యాడ్‌మాబ్‌ను కొంటున్నట్టు ప్రకటించింది. 2010లో యాపిల్ ఐయాడ్ తెచ్చింది, 2016లో మూసేసింది. ఈ మధ్యలోనే, 2014లో, వియత్నాం కుర్రాడు డాంగ్ న్గుయెన్ తన ఫ్లాపీ బర్డ్ ఆటకు యాడ్‌ల మీద రోజుకు 50 వేల డాలర్లు వస్తున్నాయని చెప్పాడు. జనం దానికి బానిసలవుతున్నారని కొద్ది రోజులకే ఆటను తనే తీసేశాడు.

ఆ రోజుల్లో యాడ్ పెట్టాలంటే పేజీలకు పేజీలు ఇంగ్లీషు చదవాలి. 2021లో గిట్‌హబ్ కోపైలట్, 2023లో కర్సర్ వచ్చాక పని తేలికైంది. "కింద బ్యానర్ యాడ్ పెట్టు" అంటే చాలు, లైబ్రరీ కలుపుతుంది, మానిఫెస్ట్‌లో యాప్ ఐడీకి చోటు పెడుతుంది, యాడ్ చూపించే కోడ్ రాస్తుంది. కోచింగ్‌కు డబ్బుల్లేని మనలాంటోళ్లకు ఇది చిన్న విషయం కాదు.

కానీ తక్కెడ చేతులు మారలేదు. ఎన్ని యాడ్‌లు చూశారో, ఎన్ని నొక్కారో లెక్కగట్టేది యాడ్ కంపెనీయే. తయారీలో ఉన్నప్పుడు టెస్ట్ ఐడీలే వాడాలి. అసలు యాడ్‌ను మనమే నొక్కితే ఖాతా ఆపేసే ప్రమాదం ఉంది. టెస్ట్ ఐడీతోనే యాప్ విడుదల చేస్తే పైసా రాదు. ఎడిటర్ ఏ ఐడీ పెట్టిందో చూసుకోవాల్సింది మనమే.

ఇంకోటి, ఇది డబ్బుకన్నా పెద్దది. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. ఆ అక్షరాలు నేర్పే యాప్ రేపు మనలో ఎవరైనా చేయొచ్చు. వాడేది మన చిన్నపిల్లలు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే. వాళ్లను వెంటాడి గమనించడం, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు చూపడం కూడదని ఆ చట్టం చెబుతోంది. "ఇది పిల్లల యాప్" అని తెలిపే సెట్టింగ్ యాడ్‌మాబ్‌లో ఉంది. మనం చెప్పకుండా ఎడిటర్ దాన్ని పెడుతుందన్న హామీ లేదు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, యాడ్ పెట్టమని ఎడిటర్‌కు చెప్పేముందు మూడు మాటలు కాగితం మీద రాసుకుందాం: యాప్ వాడేది ఎవరు? వాళ్ల ఫోన్ నుంచి ఏ సమాచారం బయటికి పోతుంది? యాడ్ లేకుండా నడుస్తుందా? జవాబులు రాశాకే కోడ్ రాయిద్దాం. అక్షరాలు నేర్పే యాప్‌కైతే అసలు యాడ్‌లే వద్దన్నది మా మాట. మీరేమంటారో కింద రాయండి.