రాగిరేకు పరీక్ష

పేపరు మిల్లున్న ఊళ్లో కుళ్లిన కోడిగుడ్ల వాసన ఎరగనివాళ్లుండరు. 1879లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త కార్ల్ డాల్ కనిపెట్టిన క్రాఫ్ట్ పద్ధతిలో చెక్కముక్కల్ని కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ ద్రావణంలో ఉడికిస్తారు. ఆ వాసన అక్కడ పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్‌దే.

మిల్లుల్లో గాలి పీడనంతో నడిచే పాత నియంత్రణ పరికరాలకు ఆ వాయువుతో అంత బెడద లేదు. 1975లో హనీవెల్, యొకొగావా కంపెనీలు కంప్యూటర్ నియంత్రణను తెచ్చాయి. అసలు చిక్కు అప్పుడు మొదలైంది. రాగి, వెండి పూతలు నల్లబడి, కనెక్టర్లు మొరాయించేవి.

ఆ కంప్యూటర్ పరికరాలుండే బీరువాను బిగించి, శుద్ధిచేసిన గాలిని లోపలికి కాస్త ఒత్తిడితో పంపడం దీనికి విరుగుడు. వడపోతకు ఉత్తేజిత బొగ్గుతోపాటు పొటాషియం పర్మాంగనేట్ పట్టించిన అల్యూమినా గుళికలు వాడతారు. ఊదారంగు గుళికలు గోధుమరంగుకు తిరిగాయంటే వాటి పని అయిపోయినట్టే!

మరి గాలి బాగుందని తేల్చేదెలా? ఇన్‌స్ట్రుమెంట్ సొసైటీ ఆఫ్ అమెరికా 1985లో పెట్టిన 71.04 ప్రమాణం చాలా తేలిక ఉపాయం చెప్పింది. శుభ్రం చేసిన రాగిరేకును 30 రోజులు వేలాడదీసి, దానిమీద పేరుకున్న పొర మందం కొలవాలి. 300 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపుంటే ‘జి1’ తరగతి, పరికరాలు క్షేమం. ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటరులో కోటోవంతు.

2006లో ఐరోపా ఎలక్ట్రానిక్ పరికరాల్లో సీసాన్ని నిషేధించాక సర్క్యూట్ బోర్డులకు వెండి పూతలు పెరిగాయి. కార్ల నమూనాలు చేసే స్టూడియోల్లో సైతం కంప్యూటర్లు పాడయ్యాయి. దోషం వేడిచేసిన మోడలింగ్ మట్టిలోని గంధకానిది. అందుకే 71.04 ప్రమాణపు 2013 సవరణలో రాగి పక్కన వెండి రేకునూ చేర్చారు, హద్దు 200 ఆంగ్‌స్ట్రామ్‌లు.