చందవరం శిల్పఫలకం - త్రిమితీయ రూప విశ్లేషణ: చారిత్రక పరిశీలన

ప్రకాశం జిల్లా దొనకొండ మండలంలో గుండ్లకమ్మ తీరాన ఉన్న చందవరం బౌద్ధక్షేత్రాన్ని 1964లో డా. వేలూరి వేంకటకృష్ణశాస్త్రి గుర్తించారు. బుద్ధుని ఆరాధకులను చెక్కిన అక్కడి సున్నపురాతి ఫలకం ఒకటి అపహరణకు గురై, 2005లో కొనుగోలు ద్వారా ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలకు చేరింది. చందవరం ప్రదర్శనశాలలో పూర్వం తీసిన ఛాయాచిత్రం దాని మూలస్థానాన్ని నిరూపించింది. 2016లో ఫలకం భారతదేశానికి తిరిగివచ్చింది.

ఛాయాచిత్రం ఒక కోణాన్నే చూపుతుంది. శిల్పం విరిగినా, వెలుగునీడలు మారినా పోల్చడం కష్టం. ఈ పరిమితిని అధిగమించేదే త్రిమితీయ రూప విశ్లేషణ. లేజరు స్కానరు శిల్పం ఉపరితలాన్ని లక్షలాది బిందువులుగా నమోదు చేస్తుంది. 1992లో పాల్ బెస్ల్, నీల్ మెకే ప్రతిపాదించిన పద్ధతి ప్రకారం, కంప్యూటరు ఒక రూపంలోని ప్రతి బిందువుకూ రెండవ రూపంలో అతిసమీప బిందువును ఎంచుకుంటుంది. వాటి మధ్య దూరం తగ్గేలా మొదటి రూపాన్ని తిప్పుతూ, జరుపుతూ పోతుంది. ఇక తగ్గని స్థితిలో మిగిలిన దూరమే ఆ రెండింటి పోలికకు కొలమానం.

శకలాల విషయంలోనూ ఈ మార్గం ఫలించింది. ప్రాచీన రోమ్ నగరపు పాలరాతి పటానికి చెందిన 1,186 ముక్కలను స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు స్కాన్ చేసి, కంప్యూటరు సాయంతో కొన్ని కొత్త అతుకులను గుర్తించారు.

అయితే పోల్చడానికి ముందుగా నమోదైన రూపం ఉండాలి. పోయిన శిల్పాన్ని కొలవడం సాధ్యం కాదు. చందవరం ఫలకాన్ని రక్షించింది ఎవరో ముందుగా తీసిన ఒక చిత్రం. కనుక గ్రామీణ క్షేత్రాలలోని శిల్పాలను, ముఖ్యంగా విరిగిన ముక్కలను, త్రిమితీయంగా నమోదు చేయడం కాపలాతో సమానమైన రక్షణ.