కాల్పులు ఆగిన తర్వాత

భారత్, పాకిస్తాన్ యుద్ధాల చరిత్రను మనం భూభాగాల లెక్కతో చదువుతాం. ఆ యుద్ధాలు రెండు దేశాల ప్రజాస్వామ్యాలను ఏం చేశాయో తెలియాలంటే, కాల్పులు ఆగిన తర్వాతి ఏళ్లను చదవాలి.

కశ్మీర్ కోసం మొదలైన తొలి పోరు 1949 జనవరి 1న ఆగింది. మరుసటి ఏడాదే భారత్‌లో రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. 1951-52లో వయోజన ఓటుహక్కుతో ఎన్నికలు జరిగాయి. పాకిస్తాన్‌కు రాజ్యాంగం 1956లో గానీ రాలేదు. అదీ రెండేళ్లకే సైనిక పాలనలో రద్దయింది. పొరుగుదేశం భయంతో పెంచుకున్న సైన్యం, పార్టీలు నిలదొక్కుకోకముందే పీఠమెక్కింది.

1965 యుద్ధంలో తమకు రక్షణే లేకపోయిందన్న బాధ తూర్పు పాకిస్తాన్‌లో మిగిలింది. 1966లో అక్కడి అవామీ లీగ్ పార్టీ నాయకుడు ముజీబ్ స్వయంప్రతిపత్తి కోరే ఆరు సూత్రాలతో ముందుకొచ్చాడు. 1970 ఎన్నికల్లో అవామీ లీగ్ తూర్పున ఉన్న 162 స్థానాల్లో 160 గెలిచినా, సైనిక పాలకుడు యాహ్యా ఖాన్ అధికారం అప్పగించలేదు. ఈసారి వరస తిరగబడింది: ఓటును తొక్కేయడమే యుద్ధానికి, దేశం రెండుగా చీలడానికి దారితీసింది.

భారత్ కూడా యుద్ధాల దెబ్బ తప్పించుకోలేదు. 1962లో చైనా యుద్ధ సమయంలోనే పార్లమెంటు నెహ్రూను నిలదీసింది, రక్షణమంత్రి కృష్ణమీనన్ రాజీనామా చేశాడు. అయినా అప్పుడు విధించిన అత్యవసర పరిస్థితి 1968 దాకా నడిచింది. 1971 డిసెంబరు 3న విధించినది 1977 మార్చి వరకూ ఎత్తెయ్యనేలేదు. 1975 జూన్‌లో ఇందిరాగాంధీ దానిమీదే రెండోది విధించింది. విచారణ లేకుండా నిర్బంధించేందుకు 1971లోనే వచ్చిన మీసా చట్టం అప్పుడు ప్రతిపక్ష నాయకులను జైళ్లకు పంపింది. ఓటమి నివేదికలను దాచడంలో మాత్రం ఇద్దరిదీ ఒకే దారి: పాకిస్తాన్ 1971 ఓటమిపై వచ్చిన హమూదుర్ రహ్మాన్ నివేదికను దశాబ్దాలపాటు తొక్కిపెట్టింది, భారత్ 1962 ఓటమిపై వచ్చిన హెండర్సన్ బ్రూక్స్ నివేదికను అధికారికంగా బయటపెట్టలేదు.

1999లో కార్గిల్ యుద్ధం తర్వాత తేడా మళ్లీ తేటతెల్లమైంది. అక్టోబరులో పాకిస్తాన్ సైన్యాధిపతి ముషారఫ్ ప్రధాని నవాజ్ షరీఫ్‌ను కూలదోశాడు. అదే సమయంలో భారత్ లోక్‌సభ ఎన్నికలు ముగించుకుంది; ఆ తర్వాత కార్గిల్‌పై సమీక్షా సంఘం నివేదిక పార్లమెంటు ముందుకొచ్చింది.

యుద్ధం వచ్చినప్పుడు ప్రభుత్వాలు అదనపు అధికారాలు అడుగుతాయి, ప్రజలూ కాదనరు. వాటికి గడువు రాయించుకోవడం, గడువు తీరాక లెక్క అడగడం చట్టసభల పని. 1978లో 44వ సవరణ ద్వారా భారత్ నేర్చుకున్న పాఠం అదే: అత్యవసర పరిస్థితి కొనసాగాలంటే ఆరు నెలలకోసారి పార్లమెంటు ఆమోదం ఉండాలి.